పద్నాలుగో అధ్యాయం

మా చర్చిలో, గుడి అంటాం మేము, సంస్కారం ఇచ్చే ఆదివారం, అంటే యేసు చివరి విందుకి గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం పంచే రోజున, ఒకాయన ఎప్పుడూ అందరికంటే చివర లేచేవాడు. మగవాళ్ళ వరస అయిపోయి, ఆడవాళ్ళ వరస అయిపోయి, చంటిపిల్లల తల్లులు కూడా వచ్చి వెళ్ళాక, వెనక చాప మీంచి మెల్లగా లేచి ముందుకి వచ్చేవాడు. కుడిచేతి చివరి రెండు వేళ్ళూ లోపలికి ముడుచుకుని ఉండేవి. రొట్టెముక్క జారిపోకుండా కింద ఎడమచెయ్యి ఆసరా పెట్టేవాడు. గిన్నె దగ్గరికి వచ్చేసరికి జేబులోంచి చిన్న స్టీలు గ్లాసు తీసేవాడు. పాస్టరు అయ్యగారు గిన్నె వంచి అందులో నాలుగు చుక్కలు పోసేవారు. అక్కడే తాగి, రుమాలుతో తుడిచి, గ్లాసు మళ్ళీ జేబులో వేసుకునేవాడు. అది తెచ్చుకోమని ఆయనకి ఎవరైనా చెప్పారో, తనే తెచ్చుకున్నాడో ఊళ్ళో ఎవరూ మాట్లాడగా వినలేదు. పల్లెలో పిల్లలందరికీ ఆయన తాతే.

తాత బైబిల్లో, ప్లాస్టిక్ కవర్లో, ఒక కార్డు ఉండేది. ఎం.డి.టి., అంటే కుష్ఠుని నయం చెయ్యడానికి కొన్ని మందులు కలిపి ఇచ్చే కోర్సు, పూర్తయింది, చికిత్స నుంచి విడుదల చేశాం అని కుష్ఠు ఆసుపత్రి వాళ్ళు రాసిచ్చింది. మాకు మూడు నాలుగేళ్ళకోసారి అయ్యగారు మారేవారు. కొత్త అయ్యగారు సామాను దించుకున్న వారంలోపే తాత ఆ కార్డు పట్టుకెళ్ళి చూపించి వచ్చేవాడు. ఆయన చూసి, "మంచిది తాతా, దేవుడు గొప్పవాడు" అనేవారు. వచ్చే సంస్కారానికి మళ్ళీ స్టీలు గ్లాసే.

ఆ తాత కూర్చుని ఉండగానే, ఏడాదికి కనీసం రెండుసార్లు, మా గుడిలో ఒక ప్రసంగం వినిపించేది. మార్కు సువార్త మొదటి అధ్యాయం చివర. ఒక కుష్ఠరోగి మోకాళ్ళూని, నీకిష్టమైతే నన్ను శుద్ధునిగా చేయగలవంటాడు. యేసు చెయ్యి చాపి, ముట్టుకుని, "నాకిష్టమే, నీవు శుద్ధుడవు కమ్ము" అంటాడు. దీనికి చెప్పే వ్యాఖ్యానం ఊళ్ళో విన్నా, టౌన్లో విన్నా, యూట్యూబులో విన్నా ఒకటే. యూదులు కుష్ఠరోగుల్ని అంటరానివాళ్ళుగా చూశారు, వాళ్ళ ధర్మశాస్త్రమంతా మడి ఆచారాల పుట్ట, యేసు వచ్చి ఆ అంటరానితనాన్ని బద్దలుకొట్టాడు. ముప్పై ఏళ్ళు వచ్చేదాకా నేనూ ఇదే నమ్మాను. ఆ ధర్మశాస్త్రంలోని లేవీయకాండం, బైబిలు పాత నిబంధనలో మోషే పేరుమీదున్న పుస్తకం, కూర్చుని పూర్తిగా చదివాక నమ్మడం మానేశాను. ఇప్పుడు నా అనుమానం ఇంకో అడుగు ముందుకెళ్ళింది: తాత స్టీలు గ్లాసు మాకెవరికీ కంట్లో నలుసు కాకుండా పోవడానికి ఆ ప్రసంగమే ఒక కారణం.

ముందు మాటల సంగతి. తెలుగులో మనకి రెండు వేరువేరు మాటలున్నాయి. మైల ఒకటి, అంటరానితనం ఒకటి. పురుడొస్తే మైల, చావొస్తే మైల. అది ఎవరికైనా వస్తుంది, లెక్క ప్రకారం కొన్ని రోజులుంటుంది, స్నానంతో పోతుంది. అంటరానితనం అలా కాదు. అది పుట్టుకతో అంటగట్టేది, ఎన్ని నదుల్లో మునిగినా పోనివ్వనిది. లేవీయకాండంలో ఉన్న అపవిత్రత దాదాపు మొత్తం మొదటి రకం. కాన్పైతే మగపిల్లాడికి 40 రోజులు, ఆడపిల్లకి 80. శవాన్ని ముడితే ఏడు రోజులు, ఈ లెక్క మాత్రం సంఖ్యాకాండంలో ఉంది. భార్యాభర్తలు కలిస్తే ఆ సాయంత్రం దాకా. పిల్లల్ని కనమన్నదీ ఆ దేవుడే, చచ్చిపోయిన తల్లిదండ్రుల్ని గౌరవంగా పూడ్చమన్నదీ ఆ ధర్మమే. అంటే చెయ్యాల్సిన పని చేస్తే వచ్చే స్థితి ఇది, పాపం కాదు. దేవాలయంలో పూజారి అయిన యాజకుడికీ వస్తుంది, కూలివాడికీ వస్తుంది. ఆ స్థితిలో దేవాలయంలోకి వెళ్ళకూడదు, పవిత్రమైన భోజనం ముట్టకూడదు, అంతే. నీళ్ళలో మునిగి, పొద్దుగూకేదాకా ఆగితే చాలా వాటికి సరిపోతుంది.

యేసు తిరిగిన ఒకటో శతాబ్దపు గలిలయలో ఇదంతా రోజువారీ బతుకు. మెట్లతో దిగే స్నానపు గుంటలు ఆ దేశం మొత్తం మీద పురావస్తు తవ్వకాల్లో వందల్లో బయటపడ్డాయి. మట్టికుండకి అపవిత్రత అంటితే పగలగొట్టాలి, రాతిపాత్రకి అంటదని వాళ్ళ లెక్క. అందుకే యేసు నీళ్ళని ద్రాక్షరసం చేసిన కానా పెళ్ళింట్లో ఆ ఆరు రాతిబానలు. నజరేతు పక్కనే, రెయ్నా అనే చోట, సుద్దరాతిని తొలిచి గిన్నెలు చేసిన పనిచోటు 2017లో తవ్వకాల్లో దొరికింది. యేసు ఆడుకున్న వీధుల్లో ఆ గిన్నెల్లో నీళ్ళు తాగి ఉంటారు. ఆయన ఈ లోకం బయట నుంచి ఊడిపడలేదు.

దీన్ని మన ప్రసంగీకులు "అంటరానితనం" అన్న మాటతో అనువదించేస్తారు. ఎందుకో నాకు అర్థమవుతుంది, వాళ్ళని తప్పుపట్టడం కూడా కష్టమే. ఒంగోలు దగ్గర 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగలు. కరువు కాలం. ఆ జనానికి, వాళ్ళ పిల్లలకి, "ఆయన చెయ్యిచాపి వానిని ముట్టి" అనే నాలుగు మాటలు ఎలా వినిపించి ఉంటాయో ఊహించుకోవచ్చు. మా తాతల తరం వెన్ను నిటారు చేసింది ఆ వాక్యమే. దాని బలాన్ని తీసెయ్యాలని నాకు లేదు. కానీ ఆ బలం కోసం యూదుల్ని మన ఊరి పెద్దకులాల వేషంలో నిలబెట్టాం. దుర్మార్గమంతా రెండు వేల ఏళ్ళ కిందటి యెరూషలేములో జరిగిపోయినట్టు, ఇక్కడ మన గుడిలో అంతా శుద్ధంగా ఉన్నట్టు ఒక ఏర్పాటు కుదిరిపోయింది.

ఇక కుష్ఠు. హీబ్రూలో మాట 'సారాఅత్'. గ్రీకులోకి మార్చినవాళ్ళు 'లెప్రా' అన్నారు, పొలుసులు రేగే చర్మరోగాలకి వాళ్ళ వైద్యులు వాడిన మాట. 1873లో నార్వేలోని బెర్గెన్‌లో హాన్సెన్ కనుక్కున్న సూక్ష్మక్రిమితో వచ్చే జబ్బు ఇది కాదు. లేవీయకాండం 13 చదివితే తెలిసిపోతుంది: యాజకుడు మచ్చ చూసి ఏడు రోజులాగి మళ్ళీ చూస్తాడు, మార్పు కనిపిస్తుంది. హాన్సెన్ జబ్బు బయటపడటానికే ఏళ్ళు పడుతుంది, వారంలో మచ్చ అటూ ఇటూ కాదు. తిమ్మిరి, స్పర్శ పోవడం అనే ముఖ్య లక్షణం ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. పైగా ఈ 'కుష్ఠు' బట్టలకీ వస్తుంది, ఇంటి గోడలకీ వస్తుంది, పచ్చగానో ఎర్రగానో. బూజు అనుకోవాలి. అన్నిటికంటే విచిత్రం, ఒళ్ళంతా తెల్లబడిపోతే ఆ మనిషి శుద్ధుడు! వైద్యం పుస్తకంలో ఇలాంటి నియమం ఉండదు. ఇది ఆచారపు లెక్క. గోడకి పొడ వస్తే యాజకుడు చూడటానికి వచ్చేముందే ఇంట్లో సామాను బయట పెట్టుకోమంటుంది పద్నాలుగో అధ్యాయం, ఆయన "అపవిత్రం" అన్న తర్వాతైతే అవీ పోతాయని. అంటు గురించి భయపడేవాళ్ళు రాసే మాటేనా ఇది? పేదవాడి మంచం, చాప పోకూడదని జాలిపడినవాళ్ళ మాట.

తమాషా ఏంటంటే, మన 'కుష్ఠం' కూడా మొదట్లో ఇలాంటి పెద్ద గొడుగు మాటే. ఆయుర్వేదం 18 రకాల కుష్ఠాలు లెక్కపెట్టింది, వాటిలో గజ్జి, తామర లాంటివి కూడా ఉన్నాయి. బొల్లిని ఇప్పటికీ శ్వేతకుష్ఠం అనేవాళ్ళున్నారు. తర్వాత ఆ మాట ఇరుకైపోయి, జనం "పెద్దరోగం" అని గొంతు తగ్గించి చెప్పే ఒక్క జబ్బుకి అతుక్కుపోయింది. అప్పుడు ఆ మాట బైబిల్లోకి ఎక్కింది. ఫలితం ఏంటంటే, మా తాత వెనక చాప మీద కూర్చుని, "వాడు తన పైపెదవిని కప్పుకొని, అపవిత్రుడను అపవిత్రుడను అని బిగ్గరగా పలుకవలెను" అని చదువుతుంటే విన్నాడు. తనకి రాని జబ్బు గురించి రాసిన వాక్యం తన మీద పడింది.

ఆ వాక్యం కఠినమైనదే, కాదనను. బట్టలు చింపుకోవాలి, జుట్టు విరబోసుకోవాలి, పాళెం, అంటే అప్పటి గుడారాల ఊరు, వెలుపల ఒంటరిగా ఉండాలి. ఈ మచ్చ వచ్చిన ఉజ్జియా రాజంతటివాడు చనిపోయేదాకా వేరే ఇంట్లో ఉండిపోయాడు. యేసు కాలం నాటికి యూదుల్లోనే కొందరు ఈ గీతల్ని ఇంకా బిగించారు. మృతసముద్రం దగ్గర దొరికిన పాత గ్రంథపు చుట్టల్లో ఒకటి పట్టణానికి తూర్పున ఇలాంటివాళ్ళకి వేరే చోట్లు కట్టమంటుంది. ఇంకొకటి కుంటివాళ్ళనీ గుడ్డివాళ్ళనీ సమాజపు కూటంలో కూర్చోనివ్వదు. లూకా 14లో యేసు "విందు చేసినప్పుడు బీదలను, కుంటివాళ్ళను, గుడ్డివాళ్ళను పిలువు" అనడం చదివితే, ఇలాంటి ఆలోచన ఉన్నవాళ్ళకి జవాబు చెబుతున్నట్టే ఉంటుంది. ఇది యూదుల మధ్య యూదుల వాదం, బయటివాడొచ్చి చేసిన దాడి కాదు.

అయితే వెలుపలికి పంపే ఆ మాటలు రెండు వచనాలు. 13:45, 46. లోపలికి తీసుకొచ్చే మాటలు 14లో మొదటి 32 వచనాలు. మా గుడిలో ఆ రెండూ ఎన్నిసార్లు చదివారో లెక్కలేదు. ఈ 32 చదవగా నేను ఒక్కసారి కూడా వినలేదు.

అందులో ఏముందో చెప్తాను, ఎందుకంటే చాలామంది క్రైస్తవులకి కూడా తెలియదు. మచ్చ పోయినవాడు లోపలికి రాడు. యాజకుడే పాళెం వెలుపలికి వాడి దగ్గరికి వెళ్ళాలి. రెండు పక్షులు తెస్తారు. ఒకదాన్ని మట్టిపాత్రలో ఊటనీళ్ళ మీద చంపుతారు. దేవదారు కర్ర, ఎర్రనూలు, హిస్సోపు అనే మొక్క రెమ్మ, బతికున్న రెండో పక్షి, వీటిని ఆ రక్తంలో ముంచి మనిషి మీద ఏడుసార్లు చిలకరిస్తారు. తర్వాత ఆ పక్షిని బయలులోకి వదిలేస్తారు. వాడు ఒంటి మీద వెంట్రుకలన్నీ గొరిగించుకుని, స్నానం చేసి, పాళెంలోకి వస్తాడు, కానీ ఏడు రోజులు తన గుడారం బయటే. ఎనిమిదో రోజు గొర్రెపిల్లలు, పిండి, నూనె. పేదవాడైతే ఒక్క గొర్రెపిల్ల, రెండు పావురాలు చాలు. యాజకుడు వాడి కుడిచెవి తమ్మెకి, కుడి బొటనవేలికి, కుడికాలి బొటనవేలికి రక్తం రాసి, దాని మీద నూనె రాస్తాడు.

చెవి, చెయ్యి, కాలు. లేవీయకాండంలోనే ఇంకోచోట కూడా ఇలాగే రక్తం రాస్తారు: ఎనిమిదో అధ్యాయంలో, అహరోనుని యాజకుడిగా ప్రతిష్ఠించేటప్పుడు. ఊరి బయట కేకలు పెడుతూ బతికినవాడు తిరిగొస్తే, యాజకుడికి వేసిన గుర్తులే వేసి లోపలికి తీసుకుంటారు. మొదటిసారి ఇది గమనించినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

ఇప్పుడు మార్కు దగ్గరికి మళ్ళీ వెళ్దాం. యేసు ముట్టుకున్నాడు, మచ్చ పోయింది. తర్వాత ఏమన్నాడు? ధర్మశాస్త్రాన్ని బద్దలుకొట్టేవాడైతే "పో, ఇక యాజకుల మొహం చూడక్కర్లేదు" అనాలి. ఆయన అన్నది సరిగ్గా దానికి తలకిందులు: వెళ్ళి యాజకుడికి కనుపరచుకో, మోషే నియమించిన కానుకలు సమర్పించు. అంటే పద్నాలుగో అధ్యాయం మొత్తం చేయించుకో. అపవిత్రత లేదని ఆయన అనలేదు, దాని వేరు పీకేశాడు. మనిషిని మళ్ళీ ఊళ్ళో కలిపే పని మాత్రం ఆ పని చెయ్యాల్సినవాళ్ళకే అప్పగించాడు. చర్మం బాగైనంత మాత్రాన ఇంటికి చేరినట్టు కాదని ఆయనకి తెలుసు. ముట్టుకోవడం గురించే మనం గంట ప్రసంగిస్తాం; ఆ తర్వాతి వాక్యం ఒక పరిపాలనా సూచనలాగా దాటేస్తాం.

ఇక్కడ చిన్న పక్కదారి. మన బైబిల్లో ఆయన "కనికరపడి" ముట్టాడని ఉంది. చాలా ప్రతుల్లో అంతే. బేజా అనే పాత ప్రతిలో, కొన్ని పాత లాటిన్ ప్రతుల్లో, "కోపపడి" అని ఉంది. నాకు ఆ కోపమే మూలమనిపిస్తుంది. కనికరాన్ని చెరిపి కోపం రాసేవాడెవడు? మత్తయి, లూకా ఈ కథ చెప్పేటప్పుడు ఆ మాటే వదిలేశారు, కనికరమైతే వదలాల్సిన అవసరమేంటి? ఎవరి మీద కోపమో మార్కు చెప్పడు. చెప్పకపోవడం మంచిదైంది, చెప్పి ఉంటే దాన్నీ యూదుల ఖాతాలోనే రాసుకునేవాళ్ళం.

ఆ కథ ముగింపు ఇంకా వింత. బాగైనవాడు ఊరంతా చాటేస్తాడు. దాంతో యేసు ఏ పట్టణంలోకీ బాహాటంగా వెళ్ళలేక బయట నిర్జన ప్రదేశాల్లో ఉండిపోతాడు. ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు.

జనంలో వెనకనుంచి వచ్చి యేసు బట్ట ముట్టుకుని బాగైన, రక్తస్రావం ఉన్న స్త్రీ కథకి కూడా ఇదే గతి పట్టించాం. పన్నెండేళ్ళు అంటరానిదానిలా బతికిందట, జనంలోకి రావడమే నేరమట, పట్టుబడితే రాళ్ళతో కొట్టేవాళ్ళట. ఈ చివరి ముక్క ఎక్కడి నుంచి వచ్చిందో గానీ లేవీయకాండం 15లో లేదు. ఆ అధ్యాయంలో ఆమె పడుకున్న మంచం, కూర్చున్న పీట గురించి ఉంది, అంటే ఇంట్లో మనుషుల మధ్యే ఉంది. ముట్టుకున్నవాళ్ళు స్నానం చేసి సాయంత్రం దాకా ఆగాలి. సంఖ్యాకాండం 5 స్రావమున్నవాళ్ళని పాళెం వెలుపలికి పంపమంటుంది, నిజమే. అది మధ్యలో దేవుడి ప్రత్యక్షపు గుడారం ఉన్న ఎడారి శిబిరం మాట. గలిలయలో ఊరి వీధి కాదు. మార్కు ఐదో అధ్యాయం ఒకసారి పట్టి చదవండి. అపవిత్రత అన్న మాట ఆ కథలో లేదు. జనమంతా ఒరుసుకుంటున్నారు, ఒక్కరూ ఆమెని చూసి పక్కకి జరగలేదు. పక్కనే సమాజమందిరపు అధికారి యాయీరు నిలబడి ఉన్నాడు, ధర్మశాస్త్రం అందరికంటే తెలిసినవాడు. "అయ్యో, అంటుపడ్డావు, మా ఇంటికి రావద్దు" అనలేదు.

మార్కు ఆమె కష్టాన్ని వేరేచోట చూపిస్తాడు. "అనేక వైద్యులచేత ఎన్నో తిప్పలు పడి, తనకు కలిగినదంతయు వ్యయము చేసికొని" మరింత క్షీణించింది. ఇది మనకి వ్యాఖ్యానం అక్కర్లేని వాక్యం. పొలం అమ్మి, పుస్తెలు తాకట్టుపెట్టి, ఫైలు చంకలో పెట్టుకుని ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి తిరిగిన ఆడమనిషి ప్రతి ఊళ్ళోనూ ఉంది.

ఇంకో చిన్న సంగతి. మత్తయిలో ఆమె ఆయన "వస్త్రపు చెంగు" ముట్టింది. చెంగు అంటే మనకి చీరకొంగు గుర్తొస్తుంది. గ్రీకులో ఉన్న మాట, సంఖ్యాకాండం 15:38లో ఇశ్రాయేలీయుల్ని బట్టల అంచులకి కట్టుకోమన్న కుచ్చులకి వాడిన మాటే. అక్కడ మన అనువాదం "కుచ్చులు" అంది, ఇక్కడ "చెంగు" అంది. రెండూ ఒకటేనని తెలుగు పాఠకుడికి తెలిసే దారి లేదు. ఆజ్ఞలన్నీ గుర్తుంచుకోవడానికి కట్టుకునే కుచ్చులవి. ధర్మశాస్త్రాన్ని తెంచిపారేశాడని మనం చెప్పుకునే మనిషి, దాన్ని అంచుకి కట్టుకునే తిరిగాడు. ఆమె పట్టుకున్నది దాన్నే. మా గుడిలో నెలసరి రోజుల్లో సంస్కారానికి లేవని ఆడవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళెవరూ లేవీయకాండం చదివి మానలేదు, ఇరుగుపొరుగు ఇళ్ళలో చూసి మానారు. తిట్లు మాత్రం మోషేకి.

లూకా 17లో పదిమంది కుష్ఠరోగుల కథ ఇంతకంటే లోతుకి దిగుతుంది. దూరంగా నిలబడి కేకవేస్తారు. వెళ్ళి యాజకులకి కనుపరచుకోమంటాడు, దారిలోనే బాగవుతారు. ఒక్కడే తిరిగొస్తాడు, వాడు సమరయుడు, యూదులు తమవాడిగా చూడని జాతివాడు. తొమ్మిదిమంది కృతఘ్నులని మనకి నేర్పారు. పాపం వాళ్ళు చెప్పిన పనే చేశారు! యెరూషలేము వెళ్ళి, ఎనిమిదో రోజు కానుక ఇచ్చి, ఇంటికి పోవాలన్న ఆత్రంలో ఉన్నారు. నిజానికి యేసు కూడా "ఆ తొమ్మండుగురు ఎక్కడ?" అని అడిగాడు, కాబట్టి నేను వాళ్ళకి మరీ ఎక్కువ వకాల్తా పుచ్చుకోను. కానీ తిరిగొచ్చినవాణ్ణి ఆయన "అన్యుడు" అన్నాడు. గ్రీకులో 'అల్లొగెనెస్'. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట ఇక్కడొక్కచోటే ఉంది. అదే మాట చెక్కిన రాయి ఒకటి 1871లో యెరూషలేములో దొరికింది, ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. దేవాలయంలో అడ్డగోడకి పెట్టిన హెచ్చరిక అది: ఏ అన్యుడూ ఈ గోడ దాటి రాకూడదు, దాటితే చావుకి వాడే బాధ్యుడు.

ఆ తొమ్మిదిమందికి మచ్చ పోతే తలుపు తెరుచుకుంటుంది. ఈ పదోవాడికి మచ్చ పోయినా అడ్డగోడ అలాగే ఉంది. జబ్బుగా ఉన్నప్పుడు పదిమందీ ఒక్క గుంపు. బాగవగానే తొమ్మిది వేరు, ఒకటి వేరు. వాడు వెనక్కి తిరిగింది కృతజ్ఞతతోనే అని లూకా చెప్తున్నాడు. ముందుకి పోవడానికి చోటు లేక కూడా అని నేను చదువుకుంటాను. ఒళ్ళు బాగైనా పోని గీతలున్నాయని మన పల్లెల్లో పుట్టినవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. ఏసుప్రభువు పేరుతోనే కులానికో వరస, కులానికో సమాధుల దొడ్డి ఉన్న ఊళ్ళు నేను చూశాను. అంటరానితనం మీద ప్రసంగం చెయ్యాలంటే వాక్యం ఇదీ. మార్కు 1 కాదు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. ఎం.డి.టి. మందుల్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసింది 1981లో. మందు మొదలుపెట్టిన కొద్దికాలానికే మనిషి ఇంకొకరికి అంటించడు. రోగుల్ని వేరుగా బంధించడానికి 1898లో తెల్లవాళ్ళు చేసిన చట్టం మాత్రం 2016 దాకా పుస్తకంలో ఉంది. కుష్ఠుని విడాకులకి కారణంగా చూపించే వెసులుబాటు 2019లో గానీ పోలేదు. మందు వచ్చాక కాగితం కదలడానికి ముప్పై ఏళ్ళు దాటింది. మనుషులు ఇంకా నెమ్మది.

సువార్తల్లో ఇంకొకాయన ఉన్నాడు, బేతనియలో, "కుష్ఠరోగియైన సీమోను". ఇంట్లో విందు జరుగుతోంది, యేసు భోజనానికి కూర్చున్నాడు, కాబట్టి ఎప్పుడో బాగైపోయే ఉండాలి. పేరు మాత్రం వదల్లేదు. మా తాతకి కూడా ఊళ్ళో ఒక పేరుండేది, ఇక్కడ రాయను.

కొన్నేళ్ళ కింద క్రిస్మస్‌కి ఊరెళ్ళినప్పుడు తాతని చూడ్డానికి వెళ్ళాను. చూపు బాగా తగ్గింది. "ఏదన్నా చదువు అమ్మాయ్" అని బైబిలు చేతికిచ్చాడు. కార్డు అందులోనే ఉంది, అంచులు చిరిగి. కీర్తనలు చదువుతాననుకుని ఉంటాడు. నేను లేవీయకాండం 14 తీశాను. పేరు వినగానే మొహం ముడుచుకున్నాడు, పదమూడు అనుకున్నాడేమో. ఏమీ అనలేదు. యాజకుడు వెలుపలికి రావడం, పక్షులు, నూలు, నీళ్ళు, చెవి తమ్మె, బొటనవేలు, అన్నీ వరసగా చదివాను. బొటనవేలి దగ్గర తన చెయ్యి చూసుకున్నాడు.

చదవడం అయిపోయాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "ఆ పిట్టని వదిలేటప్పుడు ఊరంతా వచ్చి చూసేవాళ్ళా అమ్మాయ్?"

"అది రాయలేదు తాతా. బయలులో వదిలేవాళ్ళని ఉంది."

"చూసే ఉంటార్లే" అన్నాడు.